ఏడో దుప్పటి

తెక్లా ఆ దుప్పటిని మూడోసారి ఉప్పునీళ్ళలో ముంచి పిండింది.

"పోయిందా?" అంది వియొలాంతె.

"పోతోంది తల్లీ. పోకేం చేస్తుంది."

మొహం కడుక్కోవడానికి తెచ్చిన ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు లేతగా ఎర్రబడ్డాయి. వాటిని పారబొయ్యడానికి చోటు లేదు. కిటికీలన్నిటికీ తెల్లబట్ట పరిచి మేకులు కొట్టి అప్పటికి ముప్ఫై ఏడు రోజులు. తెక్లా పళ్ళెం పట్టుకుని గదంతా కలియజూసి, చివరికి గోడలోని పొయ్యి దగ్గర కూర్చుని, ఒక మూల బూడిదలో కొంచెం కొంచెంగా ఒంపింది. బుస్సుమని ఆవిరి లేచింది. ఇద్దరూ చిన్న తలుపు వైపు చూశారు.

ఎవరూ రాలేదు.

పది గంట కొట్టగానే వస్తారు. వచ్చి ఏడు దుప్పట్లూ లెక్కపెట్టి తీసుకుపోతారు. ఈ వేళ శనివారం.

వియొలాంతె మంచం కోడు పట్టుకుని నిలబడింది. కూర్చోవడానికి భయం. కింద తెక్లా తన లోపావడా చింపి కట్టిన గుడ్డ ఉంది గానీ, కూర్చుంటే ఇంకోచోట మచ్చ పడుతుందేమోనని నిలబడే ఉంది. గది నిండా తెలుపే. పరుపు తెలుపు, తెరలు తెలుపు, ఒంటిమీద బట్ట తెలుపు, తలమీది ముసుగు తెలుపు. మచ్చ పడితే దాక్కోవడానికి దానికైనా చోటుండదు.

భర్త ఎర్కొలే వేటలో గుర్రం మీది నుంచి పడి చనిపోయిననాడు ఆమెను ఈ గదిలోకి తెచ్చారు. వాల్సెరా రాజ్యంలో కొడుకు లేకుండా రాజు పోతే విధవరాణిని నలభై రోజులు తెల్లగదిలో ఉంచుతారు. కడుపులో వారసుడున్నాడా లేదా తేలేదాకా సింహాసనం మీద ఎవరూ కూర్చోరు. రాత్రికొక దుప్పటి చొప్పున వారానికి ఏడు ఇస్తారు. ఒక్కొక్కదాని అంచున పెద్ద దాసి చేతికుట్టు ఉంటుంది, మార్చడానికి వీల్లేదు. శనివారం నాడు వాటిని ఉతక్కుండా దక్షిణపు గోడమీది నుంచి వేలాడదీస్తారు. ఊరు ఊరంతా కింద చేరి లెక్కపెడుతుంది. ఏడూ తెల్లగా ఉంటే మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెడుతుంది. ఎర్రటి మచ్చ కనబడిందా, టోపీలు నెత్తిన పెట్టుకుని కొత్త రాజుగారి వాకిట్లోకి పోతుంది.

నాలుగు శనివారాలు తెల్లగానే గడిచాయి. వియొలాంతె నిజంగానే నమ్మింది. పొద్దున్నే వికారం, కోడిచారు వాసన పడకపోవడం, అన్నీ కూతురు ఫియోరా కడుపున పడ్డప్పటిలాగే ఉన్నాయి. ఎవరికీ చెప్పకుండా పుట్టబోయేవాడికి తాతగారి పేరు కూడా పెట్టుకుంది. ఈ తెల్లవారుజామున లేచేసరికి పక్క తడిగా ఉంది.

దుఃఖానికి కూడా ఒక్కోసారి అలా ఆగిపోతుందని తెక్లా చెప్పింది. తన పుట్టింటి ఊళ్ళో ఒకామెకు మొగుడు పోయాక మూడు నెలలు ఆగిందట. ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదని వియొలాంతె అడిగితే, తెక్లా పళ్ళెం అందుకుంది. ఎందుకు చెప్తుంది. ఆమె కూడా నమ్మింది.

వాడు లేడని ఏడవడానికి తీరికే లేదు. ఉన్న ఒక్కతెనూ ఎలా దక్కించుకోవాలన్నదే ఇప్పుడు.

ఫియోరాకు నాలుగేళ్ళు. వారసుడు లేడని తేలిన మర్నాడే మరిది అస్కానియో రాజవుతాడు. పైదేశపు విధవను పుట్టింటికి సాగనంపుతారు. బిడ్డను మాత్రం పంపరు. బిడ్డ వంశం సొత్తు. అస్కానియో ఎక్కడ పెంచమంటే అక్కడ పెరుగుతుంది, ఎవరికిమ్మంటే వాళ్ళకిస్తారు. కడుపుతో ఉన్నానని తేలితే మటుకు తల్లీ కూతుళ్ళు ఈ కోటలోనే ఉండిపోవచ్చు.

రోజూ మధ్యాహ్నం ఆ పిల్లను పెద్ద తలుపు అవతలికి తీసుకొస్తారు. లోపలికి రానివ్వరు. తలుపుకు చెవి ఆనించి తల్లి వింటుంది. ఏం తిన్నదో, ఏ కుక్క ఎవరిని కరిచిందో చెప్పి పోతుంది. ముప్ఫై ఏడు రోజులుగా వియొలాంతె ఆ పావుగంట కోసమే బతుకుతోంది.

"నిమ్మకాయ ఒక్క ముక్క మిగిలింది," అంది తెక్లా. "దానితో రుద్దితే జాడ కూడా ఉండదు."

ఉండలేదు. నిమ్మ రుద్ది, పిండి, పొయ్యికి ఎదురుగా కుర్చీల మీద పరిచి, అటూ ఇటూ తిప్పి ఆరబెట్టింది. అరిచేత్తో సాపు చేసి మడత పెట్టింది. డెబ్భై ఏళ్ళ మనిషి, వేళ్ళన్నీ వంకర్లు. వియొలాంతెను పెళ్ళికూతురుగా ఈ దేశానికి తీసుకొచ్చినప్పుడు పుట్టింటి నుంచి వెంట రానిచ్చిన మనిషి ఈమె ఒక్కతే.

"చూడు," అంది దుప్పటి చూపించి, కొంచెం గర్వంగా. "పెళ్ళిబట్టలా ఉంది."

పది గంట కొట్టింది.

చిన్న తలుపులోంచి ముందు అత్తగారు వచ్చింది. పెద్దరాణి జినెవ్ర ఈ ముప్ఫై ఏడు రోజుల్లో కోడలితో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. వచ్చి, ముక్కాలిపీట మీద కూర్చుని, జపమాల తిప్పుకుని పోతుంది. ఆమె వెనక పెద్ద దాసి ఒర్తెన్సియా. ఆడవాళ్ళ గదులన్నిటి తాళంచెవులూ ఆమె నడుముకే వేలాడతాయి. నడిస్తే గలగలమంటుంది. ఆ చప్పుడు వినబడని చోటు కోటలో లేదు.

ఒర్తెన్సియా రాణిగారి ఆరోగ్యం అడిగింది. రాత్రి నిద్ర పట్టిందా అని అడిగింది. అన్నీ మర్యాదగానే అడిగింది. తరవాత దుప్పట్లు ఒక్కొక్కటే విప్పి కొవ్వొత్తికి అడ్డంగా పట్టుకుని చూసింది. చూసిన ప్రతిదాన్నీ మొహానికి దగ్గరగా తీసుకుని వాసన చూసింది. ఇదివరకు ఏ శనివారమూ ఇలా చెయ్యలేదు.

ఒకటి. రెండు. మూడు. వియొలాంతె కొవ్వొత్తి వైపు చూడకుండా ఒర్తెన్సియా చేతులకేసి చూస్తోంది.

ఏడోది చేతిలోకి తీసుకోగానే ఒర్తెన్సియా ఆగింది. మళ్ళీ ఆరోది తీసి రెండూ పక్కపక్కన పెట్టుకుంది.

"తెక్లమ్మా," అంది. "ఇదెక్కడిది?"

"ఎక్కడిదేమిటి. మీరిచ్చిందే. కుట్టు చూసుకోండి."

"కుట్టు నాదే. ఆరు దుప్పట్ల మీద మనిషి పడుకుంది. నలిగాయి, చెమట వాసనుంది, తల వెంట్రుకలున్నాయి. ఈ ఏడోదాని మీద ఎవరు పడుకున్నారు? దేవదూతా?"

అరవై ఏళ్ళుగా మచ్చలు తీసిన తెక్లా చెయ్యి, ఈ వేళ మరీ బాగా తీసింది. ఉతక్కూడని బట్టను ఉతికానన్న సంగతే ఆమెకు తట్టలేదు. మురికి కనబడితే కడగడం ఒక్కటే ఆమెకు తెలుసు.

"నిమ్మవాసన కూడా వేస్తోంది," అంది ఒర్తెన్సియా నెమ్మదిగా.

పొయ్యిలో కట్టె చిటపటమంది. వియొలాంతె నోరు తెరిచింది. ఏదో ఒకటి అనాలి. ఏదైనా సరే.

"నేను ఒలకబోశాను," అంది అత్తగారు.

పీట మీది నుంచి లేవలేదు. జపమాల కూడా ఆపలేదు.

"నిన్న మధ్యాహ్నం పానకం తాగుతూ ఆ మంచం మీద ఒలకబోశాను. ముసలి చేతులు. తెక్లాతో నేనే కడిగించాను. రాత్రి కోడలు పరుపు మీదే పడుకుంది. ఇంకేమన్నా అడగాలా?"

"అత్తగారు కోడలి మంచం మీద కూర్చుని నిమ్మపానకం తాగడం," అంది ఒర్తెన్సియా, "ఈ కోటలో వినడం ఇదే మొదలు."

"చాలా సంగతులు నీకు మొదలే ఒర్తెన్సియా. నీకు ఈ తాళంచెవులు కట్టింది కూడా నేనే. తీసుకెళ్ళి వేలాడదియ్యి. ఊరు ఎండలో నిలబడింది."

ఒర్తెన్సియా వంగి దణ్ణం పెట్టింది. దుప్పట్లు చంకన పెట్టుకుని వెళ్ళింది. తాళంచెవుల చప్పుడు నడవలో చాలా దూరం వినబడింది. పెద్దరాణి ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఉండి, తెక్లాను గుమ్మం దగ్గర కాపలా నిలబడమంది.

వియొలాంతె ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. కృతజ్ఞత చెప్పబోతే అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎప్పుడైంది?"

"ఈ తెల్లవారుజామున, అత్తయ్యా."

"నిజంగా ఉందనుకున్నావా, నాటకమాడావా?"

"ఉందనే అనుకున్నాను."

పెద్దరాణి చెప్పడం మొదలుపెట్టింది, ఎవరి కథో చెబుతున్నట్టు. ఈ ఇంటికి రాకముందు తొర్రెసాల్వాలో ఆమెకు ఇంకో పెళ్ళయిందని కోటలో అందరికీ తెలుసు. ఆ మాట ఎవరూ ఎత్తరు. అక్కడా మొగుడు పోయాడు, అక్కడా ఇలాంటి గదే, అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్ళు. పదకొండో రోజునే మచ్చ పడింది. దాచాలని కూడా తెలియలేదు, తనే వెళ్ళి చెప్పింది. రెండేళ్ళ కూతురు నిద్రపోతోంది. బండి గుర్రాలకు దాణా పెట్టేంత సేపు పక్కన కూర్చోనిచ్చారు. లేపొద్దన్నారు.

"దానికిప్పుడు నలభై రెండు. కొత్త సంవత్సరానికి ఉత్తరం రాస్తుంది. గౌరవనీయురాలైన దొరసానిగారికి, అని మొదలుపెడుతుంది."

వియొలాంతె ఆమె చెయ్యి పట్టుకోబోయింది. పట్టుకోనివ్వలేదు.

"జాలి పడకు, పని చూడు. ఈ మూడు రోజులు గుడ్డలు పొయ్యిలో కాల్చండి. నలభయ్యో రోజున నువ్వు బయటికొస్తావు, కడుపుతో ఉందని నేను చెప్తాను. నా మాట మీద ఎవడూ నీ కడుపు పట్టి చూడడు. నాలుగో నెలలో పోయిందంటాం. నాలుగో నెలలో చాలామందికి పోతాయి."

"ఆ తరవాత?"

"తరవాత నువ్వు పుట్టింటికి వెళ్తావు."

"మరి ఇదంతా ఎందుకు?"

"ఆలోగా ఈ రాజులందరికీ పైనున్న చక్రవర్తి దగ్గర్నుంచి జవాబొస్తుంది. ఫియోరా పెంపకం నాకిమ్మని రాశాను. నా దగ్గరుంటే నీకు ఉత్తరాలు రాయిస్తాను, అమ్మా అని రాయిస్తాను. అస్కానియో దగ్గరుంటే నీ పేరు కూడా చెప్పనివ్వడు."

"ఆయన మీ కొడుకు."

"అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా. సింహాసనం ఎక్కిన రోజునే నన్ను కొండమీది మఠానికి పంపిస్తానని వాడు ఒర్తెన్సియాతో అన్నాడు. ఆమే నాకు చెప్పింది. నా మేలు కోరి కాదు, నా మొహం ఎలా మారుతుందో చూద్దామని."

అంటే ఇది తనకోసం కాదు, అనుకుంది వియొలాంతె. కొంత తనకోసం. కొంత ఆ మఠం కోసం. ఏది ఎంతో ఆ ముసలి మొహం మీద కనబడలేదు.

"దొరికిపోతే?" అంది.

"నీకు కత్తి. తెక్లాకు మంట. నేను మటుకు కోడలు నన్ను మోసం చేసిందంటాను. ముందే చెప్తున్నాను, తరవాత నన్ను తిట్టుకోకు."

గుమ్మం దగ్గర తెక్లా శిలువ గుర్తు వేసుకుంది. వెనక్కి తిరగలేదు.

"రెండు మూడు నెలలు," అంది అత్తగారు. "రోజూ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటావు. జుట్టు దువ్వుతావు. వెళ్ళేముందు లేపి చెప్పి వెళ్తావు. నాకు దొరకలేదు అది. కావాలా వద్దా?"

వియొలాంతె ఆలోచించడానికి ప్రయత్నించింది. రెండు మూడు నెలలు ప్రతి పొద్దునా ఇదే భయం. నడుముకు గుడ్డలు చుట్టుకుని, ఉన్నట్టు నడుస్తూ, ఎదురొచ్చిన ప్రతి ఆడదాని కళ్ళూ కడుపు మీద పడుతుంటే నవ్వుతూ. చివరికి ఎలాగూ వెళ్ళిపోవడమే. ఇంత భయమూ ఓ వీడుకోలు వెనక్కి జరపడానికి.

"కావాలి," అంది.

అప్పుడు కింద లెక్క మొదలైంది.

దక్షిణపు గోడ ఈ గదికి ఆనుకునే ఉంటుంది. ఒక్కో దుప్పటి జారవిడిచినప్పుడల్లా ఊరు ఒక్క గొంతుతో లెక్కపెడుతుంది. "ఒకటి" అన్నారు. చిన్నపిల్లల గొంతులు కూడా ఉన్నాయి. "రెండు." వియొలాంతె కిటికీ దగ్గరికి వెళ్ళింది. తెల్లబట్టకూ చట్రానికీ మధ్య వేలెడంత సందుంది. అందులోంచి గోడ అంచు, దానిమీద ఒర్తెన్సియా మనుషులు ఇద్దరు, కింద తలలు.

"మూడు. నాలుగు."

అత్తగారు పీట మీది నుంచి లేచి వచ్చి ఆమె వెనక నిలబడింది.

"ఐదు. ఆరు."

గోడమీద మనుషులు చేతులు దులుపుకుని నిలబడ్డారు.

కింద ఎవరూ "ఏడు" అనలేదు. ఎవరూ మోకరించలేదు. టోపీలు కూడా పెట్టుకోలేదు. అంతమంది జనం గుసగుస కూడా లేకుండా తలలెత్తి గోడకేసి చూస్తూ నిలబడిపోయారు. ఎక్కడో ఒక గాడిద ఓండ్ర పెట్టింది.

"ఒర్తెన్సియా ఏడోది దాచుకుంది," అంది తెక్లా గుమ్మం దగ్గర్నుంచి. చూడకుండానే.

వియొలాంతె అత్తగారి వైపు తిరిగింది. అక్కడ లేదు. పెద్దరాణి గదికి ఆ చివర, మంచానికి అవతల, గోడకు దగ్గరగా నిలబడి ఉంది. ఎప్పుడు నడిచిందో తెలియలేదు. జపమాల చేతిలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని, పూసలు ఒకదాని మీదొకటి తొందరగా తోస్తోంది. చూసేవాళ్ళకు పొద్దుట్నుంచీ అక్కడే నిలబడినట్టుంటుంది.

"అత్తయ్యా," అంది వియొలాంతె.

ఆమె కళ్ళు తెరవలేదు.

పెద్ద తలుపు అవతల బూట్ల చప్పుడు వచ్చి ఆగింది. ఒక మనిషి కాదు, ముగ్గురో నలుగురో. మగవాళ్ళు ఈ గడప దాటకూడదు. బయటినుంచి ఎవరూ ఈ తలుపు తెరవకూడదు, గడియ లోపలే ఉంది. నలభై రోజులు తీరకముందు రాణి తనంతట తాను గడియ తీస్తే, కడుపు లేదని తనే ఒప్పుకున్నట్టు. అది అస్కానియోకూ తెలుసు.

తలుపు మీద ఎవరో మెల్లగా వేళ్ళతో తట్టారు.

"వదినగారూ," అన్నాడు అస్కానియో. ఎప్పుడూ ఇంత మెత్తగా మాట్లాడలేదు. "మీ ఒంట్లో బాగాలేదని విన్నాను. మీకేం కష్టం కలగనివ్వను. ఎండ బాగుంది, బయటికి రండి. ఒక్కసారి గడియ తీస్తే చాలు."

తెక్లా చిన్న తలుపు వదిలి వచ్చి వియొలాంతె చెయ్యి గట్టిగా పట్టుకుంది. మాట్లాడకు తల్లీ, అని పెదవులతో అంది. మాట్లాడకపోతే వెళ్ళిపోతాడు. మూడు రోజులు. మూడు రోజులు మాట్లాడకపోతే చాలు.

అవతల ఎవరినో కిందికి దింపిన చప్పుడు, చిన్న చెప్పులు రాతి మీద పడిన చప్పుడు.

"అమ్మా," అంది ఫియోరా. "ఇంకా మధ్యాహ్నం కాలేదు కదా, ఐనా బాబాయి తీసుకొచ్చాడు."

వియొలాంతె తలుపు దగ్గరికి వెళ్ళిపోయింది. తెక్లా చెయ్యి ఎప్పుడు విడిపించుకుందో ఆమెకే తెలియదు.

"అమ్మా, నువ్వున్నావా?"

"ఉన్నానమ్మా."

"బాబాయి నాకు బండి తెప్పించాడు. నాలుగు గుర్రాలు. నేనొక్కదాన్నే ఎక్కుతానట. ఏ ఊరు పోతున్నానో నీకు చెప్పమన్నాడు." పిల్ల ఆగింది. ఆలోచిస్తున్నట్టుంది. "నేను పేరు మర్చిపోయాను. నువ్వు తలుపు తీస్తే బాబాయి నీకు చెప్తాడు."

వియొలాంతె చెయ్యి గడియ మీద పడింది. గది ఆ చివర జపమాల పూసల చప్పుడు ఆగిపోయింది.